జవాబు ఎవరికి బాకీ?

ఆడవాళ్లను ఎవరూ ఏమీ అడగరు అని మనం చాలాకాలంగా అంటూ వస్తున్నాం. మన కథల్లో, కవిత్వంలో, సభల్లో ఈ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. అది అబద్ధమని చెప్పడం నా ఉద్దేశం కాదు గానీ, సగం నిజమేనేమో అనిపిస్తోంది. నిజానికి స్త్రీని అడిగినన్ని ప్రశ్నలు ఈ సమాజంలో మరెవరినీ అడగరు. ఇంటిపేరు, కులం, పెళ్లయిందా, ఎన్నేళ్లయింది, పిల్లలెందరు, ఇంకా ఎందుకు లేరు, మీవారేం చేస్తారు, అత్తగారు మీ దగ్గరే ఉంటారా, నెల తప్పి ఎన్ని రోజులైంది, ఆ టైంలో అక్కడికెందుకు వెళ్లావు. బస్సులో పక్క సీట్లో కూర్చున్నావిడ నుంచి కోర్టులో అవతలి పక్షం లాయరు దాకా అందరి దగ్గరా మన జీవితం మీద ప్రశ్నలున్నాయి. వాటికి మనం జవాబులు చెబుతూనే ఉన్నాం. వీటిలో దాదాపు ఎప్పుడూ వినపడనిది ఒక్కటే: నీకేం కావాలి?

అంటే ప్రశ్నలు లేకపోవడం కాదు సమస్య. ఎవరు అడుగుతున్నారు, ఏ అధికారంతో అడుగుతున్నారు, మన జవాబును తీసుకెళ్లి ఏం చేస్తారు అన్నది సమస్య. దీని పక్కనే నీతికి సంబంధించిన ఇంకో ప్రశ్న ఉంది. దాని గురించి మనం తక్కువ మాట్లాడుకున్నాం. ఒక మనిషి నా జీవితం గురించి, నా జ్ఞాపకాల గురించి, నా కోరికల గురించి అడిగితే నిజం చెప్పవలసిన బాధ్యత నాకుందా? ఉంటే ఎవరి పట్ల ఉంది? చెప్పకపోతే అది దాచడమా, అబద్ధమా, ఆత్మరక్షణా?

తెలుగులో అడగడానికి చాలా మాటలున్నాయి. కుశలం అడగడం ఒకటి. వాకబు చేయడం, ఆరా తీయడం, కూపీ లాగడం, నిలదీయడం, విచారించడం కూడా అడగడాలే. మొదటిది తప్ప మిగిలినవాటిలో చాలావరకు అడిగేవాళ్లదే పైచేయి. ఆడవాళ్లు అడిగే వైపు ఉన్నప్పుడు మాత్రం అదే క్రియ కాస్తా అడుక్కోవడం అయిపోతుంది. పుట్టింటికి పంపమని అడిగిందట, జీతం తన చేతికిమ్మని అడిగిందట, ఆస్తిలో వాటా అడిగిందట అనే వాక్యాలను మన ఇళ్లలో ఏ గొంతుతో పలుకుతారో మీకు తెలుసు.

ఉద్యోగరీత్యా నేను మూడు ఊళ్లలో అద్దె ఇళ్లు వెతుక్కున్నాను. ప్రతిచోటా గదులు చూపించకముందే ప్రశ్నలు మొదలయ్యేవి. ఒక్కరే ఉంటారా, మీవారెక్కడ, ఎవరెవరు వస్తూ పోతూ ఉంటారు, నీచు తింటారా. చివరికి గొంతు కాస్త తగ్గించి, ‘మీరేమిట్లు?’ ఈ ఆఖరి ప్రశ్న వేసేవాళ్లకు నా గురించి తెలుసుకోవాలని ఏమీ ఉండదు. వాళ్ల దగ్గర అప్పటికే గళ్లు గీసి ఉన్నాయి, నన్ను ఏ గడిలో వేయాలో తేలాలి, అంతే. కులం తెలిశాక ఆ ఇళ్లవాళ్లు నన్ను ఇంకేమీ అడగలేదు. నా జవాబు నాకు ఇల్లు తెచ్చిపెట్టే జవాబే కాబట్టి నాకు మిగిలింది చిరాకు మాత్రమే.

నాతో పనిచేసిన ఒక దళిత స్నేహితురాలికి ఆ సౌకర్యం లేదు. ఆమె వేరే కులం పేరు చెప్పి ఇల్లు తీసుకుంది. అక్కడున్న రెండేళ్లూ ఏ చుట్టం వచ్చినా, ఎవరు ఏ ఊరి మాట ఎత్తినా, బల్ల మీద ఏ పుస్తకం కనిపించినా కంగారే. ‘అబద్ధం చెప్పానని ఎప్పుడూ అనిపించలేదా’ అని స్టాఫ్ రూంలో ఎవరో అడిగితే, ఆమె ఒక్క మాటే అంది. ‘నేను చెప్పింది అబద్ధమైతే, వాళ్లు అడిగినదాన్ని ఏమంటారు?’

తత్వశాస్త్రంలో ఈ చిక్కు పాతదే. ఫ్రెంచి రచయిత బెంజమిన్ కాన్‌స్టంట్, నిజం తెలుసుకునే హక్కు ఉన్నవాడికే నిజం చెప్పాల్సిన బాధ్యత ఉంటుందన్నాడు. ఇమ్మాన్యుయేల్ కాంట్ 1797లో దానికి జవాబుగా ఒక చిన్న వ్యాసం రాశాడు. హంతకుడు వచ్చి నీ స్నేహితుడు లోపల దాక్కున్నాడా అని అడిగినా సరే, అబద్ధం చెప్పడం తప్పేనని ఆయన వాదన. నిజం ఎదుటి మనిషి అర్హతను బట్టి చెల్లించే అప్పు కాదు, మొత్తం మానవజాతికి ఉన్న బాకీ అంటాడు. ఈ వాదం మీద రెండు వందల ఏళ్లుగా చర్చ జరుగుతూనే ఉంది. నాకు మాత్రం వాళ్లిద్దరూ ఒకే బొమ్మను ఊహించుకున్నారనిపిస్తుంది. అందులో ఇల్లు జవాబు చెప్పేవాడిది, ప్రశ్న బయటి నుంచి వస్తుంది. మా స్నేహితురాలి విషయంలో ఇల్లు అడిగేవాళ్లది. తలుపు తీయాలా వద్దా అన్నది కూడా వాళ్ల చేతిలోనే ఉంది. ‘చెప్పను’ అనగలిగే చోటు ఉన్నవాళ్లకే నిజమా అబద్ధమా అన్న ఎంపిక శుభ్రంగా ఉంటుంది. ఆ చోటు లేనివాళ్లకు మౌనం కూడా జవాబే అయిపోతుంది. కులం చెప్పకపోతే ఏ కులమో వాళ్లే తేల్చుకుంటారు.

ఇది అద్దె ఇళ్లకే పరిమితం కాదు. 1989లో నీరా మాథుర్ అనే ఆమె జీవిత బీమా సంస్థలో ఉద్యోగానికి ఎంపికైంది. చేరేముందు డిక్లరేషన్ ఫారం నింపాలి. అందులో మహిళా అభ్యర్థులకు ప్రత్యేకంగా కొన్ని ప్రశ్నలున్నాయి. నెలసరి సక్రమంగా వస్తుందా, నొప్పి ఉంటుందా, ఇప్పటికి ఎన్నిసార్లు గర్భం వచ్చింది, ఎన్ని పూర్తి నెలలు నిండాయి, చివరి నెలసరి తేదీ ఏది, గర్భస్రావం ఎప్పుడైనా అయిందా. ఆమె ఫారం నింపింది. ప్రొబేషన్‌లో ఉండగా ప్రసూతి సెలవు పెట్టింది. తర్వాత, 1990లో, ఆమెను ఉద్యోగం నుంచి తీసేశారు. నెలసరి తేదీ తప్పు చెప్పిందని, గర్భవతి అన్న సంగతి దాచిందని సంస్థ వాదించింది. హైకోర్టులో ఆమెకు న్యాయం దొరకలేదు. 1991లో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. అంతకంటే ముఖ్యంగా, ఆ ప్రశ్నలు స్త్రీల గౌరవాన్ని కించపరిచేవిగా ఉన్నాయని, వాటిని ఫారంలోంచి తీసేయాలని చెప్పింది.

ఈ తీర్పు నాకు ఇష్టం. ఆమె నిజం చెప్పిందా లేదా అన్న దగ్గర ఆగిపోకుండా, అసలు అడగవచ్చా అన్న దగ్గరికి వెళ్లింది కాబట్టి. మన నీతి చర్చల్లో సాధారణంగా దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. జవాబును పరీక్షిస్తాం, ప్రశ్నను పరీక్షించం. ‘చెప్పడానికి ఏమైంది, దాచుకునేది లేకపోతే?’ అని అనని ఇల్లు ఏదైనా ఉందా?

నేరం మోపబడిన మనిషికి మన రాజ్యాంగం 20(3) అధికరణం కింద తనకు వ్యతిరేకంగా తాను సాక్ష్యం చెప్పనక్కర్లేని హక్కు ఇచ్చింది. నార్కో పరీక్షల్లాంటివి బలవంతంగా చేయకూడదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. ముద్దాయి నోరు మూసుకుని కూర్చోవచ్చు. పెళ్లిచూపుల్లో చాప మీద కూర్చున్న అమ్మాయికి ఆ హక్కు లేదు. అత్యాచారం జరిగిందని ఫిర్యాదు చేసిన స్త్రీకి చాలాకాలం అసలే లేదు. 1872 నాటి సాక్ష్య చట్టంలోని 155(4) సెక్షన్ ప్రకారం, ఆమె ‘నడవడిక’ మంచిది కాదని చూపించి ఆమె సాక్ష్యాన్ని కొట్టేయమని నిందితుడు కోరవచ్చు. ఆ సెక్షన్ 2002 సవరణతో గానీ పోలేదు. రెండు వేళ్ల పరీక్ష ఆమె హక్కులకు భంగమని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. అయినా అది ఆగకపోవడంతో, ఆ పరీక్ష చేసేవాళ్లను దుష్ప్రవర్తన కింద దోషులుగా చూడాలని 2022లో చెప్పాల్సి వచ్చింది. ఆ పరీక్ష కూడా ఒక రకంగా ప్రశ్నే. నోటితో చెప్పించలేనిదాన్ని శరీరం చేత చెప్పించే ప్రయత్నం.

హైదరాబాదులో ఉన్న మనకు ఈ సందర్భంలో రమీజాబీ గుర్తు రాకుండా ఉండదు. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఆమెపై అత్యాచారం జరిగింది. రిక్షా కార్మికుడైన ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ పోలీసుల దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేశారు. కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదనలో ఎక్కువ భాగం ఆమె పెళ్లి నిజమైనదేనా, అంతకుముందు ఎవరెవరితో ఉంది, ఆమె ఎలాంటి మనిషి అన్నవాటి చుట్టూనే తిరిగింది. పోలీసులు దోషులేనని కమిషన్ తేల్చింది. తర్వాత కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయిన కేసులో 1981లో వాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. తన జీవితం మొత్తానికి జవాబు చెప్పాల్సి వచ్చింది రమీజాబీ. ఆమెకేం కావాలని అడిగినవాళ్లు ఎంతమందో!

ఇంతవరకూ చెప్పింది చదివితే, మౌనమే మేలు అని నేను అంటున్నట్టు అనిపించవచ్చు. కాదు. మౌనాన్ని అంత సులభంగా గొప్ప చేయడానికి మనకు హక్కు లేదు. వ్యక్తిగతమైనది రాజకీయమే అన్న మాట 1970లో కెరొల్ హనిష్ వ్యాస శీర్షికగా అచ్చయి, తర్వాత మనదాకా వచ్చింది. దాని వెనక ఉన్నది స్త్రీలు గదుల్లో కూర్చుని ఒకరినొకరు సొంత ప్రశ్నలు అడుక్కున్న అనుభవమే. నీ ఇంట్లో కూడా ఇలాగే జరుగుతుందా? నీకు కూడా అలాగే అనిపిస్తుందా? ఈ రెండు ప్రశ్నలు లేకపోతే స్త్రీవాదం లేదు. రమీజాబీ ఘటన జరిగిన 1978లోనే హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన ఏర్పడింది. విచారణల్లో స్త్రీలను ఎలా అడుగుతారో దగ్గరగా చూసిన తరం అది. ఆ సంఘటన సభ్యులే కొన్నేళ్ల తర్వాత టేప్‌రికార్డర్లు పట్టుకుని తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్లారు. వాళ్ల జీవితాల గురించి అడిగారు. 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వచ్చింది.

ఆ పుస్తకాన్ని నేను చాలా ఏళ్లు పాఠంగా చెప్పాను. పార్టీ చరిత్రల్లో చోటు దొరకని సంగతులు అందులో ఉన్నాయి. దళంలో గర్భం, అడవిలో ప్రసవం, కన్నబిడ్డను వదులుకోవాల్సి రావడం, 1951లో పోరాటం విరమించాక ఇక ఇళ్లకు వెళ్లండి అనిపించుకోవడం. తుపాకీ పట్టిన సంగతి మునుపు ఎవరైనా అడిగి ఉంటారు. పాలు తాగే బిడ్డ ఏమయ్యాడని అడిగినవాళ్లు లేరు. అడగడం వల్ల చరిత్రే మారింది. ప్రశ్న మనిషిని గడిలో బిగించగలదు. గడులు గీసినవాడి లెక్కనే తారుమారు చేయగలదు కూడా. తేడా ఎక్కడ ఉందన్నదే నా వెతుకులాట.

ఆన్ ఓక్లీ అనే బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త 1981లో రాసిన ఒక వ్యాసం ఇందులో నాకు దారి చూపింది. మొదటిసారి తల్లులు కాబోతున్న స్త్రీలను ఆమె ప్రసవానికి ముందూ తర్వాతా పలుమార్లు కలిసి మాట్లాడింది. పాఠ్యపుస్తకాల ప్రకారం ఇంటర్వ్యూ చేసేవాళ్లు అడగాలి, వినాలి, తమ సంగతి ఏమీ చెప్పకూడదు. ఎదుటి మనిషి ఏదైనా అడిగితే తెలివిగా తప్పించుకోవాలి. కానీ ఆ స్త్రీలు ఆమెను అడుగుతూనే ఉన్నారు. 800కు పైగా ప్రశ్నలు అడిగారు. బిడ్డ ఎటునుంచి బయటికొస్తుంది, వెన్నులో ఇచ్చే మత్తుమందుతో కాళ్లు చచ్చుబడిపోతాయా లాంటివి. భయపడుతున్న మనిషికి జవాబు చెప్పకుండా ఆమె జీవితాన్ని మాత్రం రాసుకుపోవడం సాధ్యం కాదని ఓక్లీ అంటుంది. ఆమె జవాబులు చెప్పింది. అలా చెప్పడం పరిశోధనను చెడగొట్టదని వాదించింది.

నాకు కొలబద్ద ఇక్కడ దొరికింది. నేను తిరిగి అడగగలిగిన మనిషికి నా జవాబు బాకీ పడతాను. తిరిగి అడగడానికి వీల్లేని ప్రశ్నకు నేను నిజం బాకీ లేను. ఇంటి ఓనర్‌ను ‘మరి మీ ఇంటికి ఎవరెవరు వస్తూ పోతూ ఉంటారు’ అని అడగలేను. బీమా సంస్థ ఫారంలో కింద నా ప్రశ్న రాయడానికి గడి లేదు. బోనులో ఉన్న స్త్రీ లాయరును ‘ఆ రాత్రి మీరెక్కడున్నారు’ అనలేదు. ఇలాంటి చోట చెప్పే అబద్ధం మనిషికీ మనిషికీ మధ్య ఉన్న నమ్మకాన్ని చెడగొట్టదు, ఎందుకంటే అక్కడ అలాంటి నమ్మకమే లేదు. కాంట్ ఒప్పుకోడు. ఆయన అడ్డు చెప్పడంలో కొంత న్యాయం ఉందని కూడా నాకు తెలుసు. అబద్ధం చెప్పినవాళ్లే దాన్ని మోయాలి, మా స్నేహితురాలు రెండేళ్లు మోసినట్టు. కానీ ఆ బరువు ఆమె మీద పడటం అన్యాయం అనాలి గానీ ఆమె తప్పు అనకూడదు.

తిరిగి అడగగలగడం ఒక్కటే చాలదు. జవాబు ఆ గది దాటి ఎక్కడికి వెళుతుంది అన్నది కూడా చూడాలి. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గృహహింస గురించి ప్రశ్నలుంటాయి. వాటిని ఒక ఇంట్లో ఒక స్త్రీని మాత్రమే అడుగుతారు. ఏకాంతం దొరికితేనే అడుగుతారు, లేకపోతే ఆ భాగం వదిలేస్తారు. మొదటిసారి ఈ నియమాలు చదివినప్పుడు వాటిని రాసినవాళ్ల మీద గౌరవం కలిగింది. భర్త కొడుతున్నాడా అన్న ప్రశ్న భర్త చెవిన పడితే, ఆ రాత్రి ఆమెను కొట్టించేది ఆ ప్రశ్నే. అడిగినవాళ్లు బ్యాగు సర్దుకుని వెళ్లిపోతారు, జవాబు ఆ ఇంట్లోనే ఉండిపోతుంది.

మా కాలేజీలో ఒక సంవత్సరం ఫైనలియర్ విద్యార్థినులు తమ ఇళ్లలోని పెద్ద స్త్రీల జీవిత కథనాలు సేకరించారు. ప్రశ్నావళి వాళ్లే కూర్చుని తయారు చేసుకున్నారు. పుట్టిన సంవత్సరం, పెళ్లినాటి వయసు, పిల్లల సంఖ్య, మరిచిపోలేని జ్ఞాపకం, తీరని కోరిక. ఒకమ్మాయి నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టి బతికిన అమ్మమ్మ దగ్గరికి వెళ్లింది. తిరిగొచ్చి క్లాసులో కాగితం ముందు పెట్టుకుని, ‘మేడం, మా అమ్మమ్మ దేనికీ సరిగ్గా చెప్పలేదు’ అంది. సగం గళ్లలో ‘జవాబు లేదు’ అని రాసుంది. ఏం చెప్పలేదో చెప్పమన్నాను. అప్పుడు ఒక్కొక్కటే చెప్పింది.

పుట్టిన సంవత్సరం అడిగితే, వాన బాగా పడి వాగు పొంగిన ఏడు అందట. పిల్లలెంతమంది అంటే, ‘పుట్టినోళ్లా, బతికినోళ్లా?’ అని ఎదురడిగిందట. ఫారంలో ఒక్కటే గడి ఉంది. సర్వేలు చేసేవాళ్లకు ఈ తేడా తెలుసు, వాళ్లు రెండూ అడుగుతారు. మా పిల్లలకు తట్టలేదు. ఆ అమ్మాయికి తన తల్లికంటే ముందు ముగ్గురు పుట్టి పోయారన్న సంగతి ఇరవై ఏళ్లలో మొదటిసారి తెలిసింది. మరిచిపోలేని జ్ఞాపకం ఏంటంటే, ‘మర్వలేనిది గాదు, మర్వాల్సింది అడుగు’ అందట. చివరికి తీరని కోరిక దగ్గరికొచ్చేసరికి ఆకు కత్తిరిస్తున్న చేయి ఆపి, మనవరాలి మొహంలోకి చూసి అందట: ‘జెప్తె తీరుస్తవా బిడ్డా?’

క్లాసు నిశ్శబ్దమైంది. ఆ ముసలావిడ జవాబు చెప్పలేదని ఎలా అంటాం? తీరని కోరికను అడగడమంటే ఏమిటో ఆమె ఒక్క ముక్కలో చెప్పింది. పుట్టిన సంవత్సరం అడిగితే అడిగినవాళ్లకు ఏ బాధ్యతా లేదు. కోరిక అడిగితే ఉంది. ఏం కావాలని అడిగి, విని, రాసుకుని, దండం పెట్టి వెళ్లిపోతే ఎదుటి మనిషి చేతిలో అంతకుముందు లేని ఒక ఖాళీ పెట్టి వెళ్లినట్టే. అది తీర్చగల శక్తి మనకు ఉండాలని కాదు. ఆ ఖాళీ పక్కన కాసేపైనా కూర్చునే ఉద్దేశం ఉండాలి.

ఆ తర్వాత ఏమైందని అడిగాను. అమ్మాయి కాస్త సిగ్గుపడుతూ చెప్పింది. ‘నన్నడుగుతున్నవ్ గని, నువ్ జెప్పు, నీకేం గావాలె?’ అందట అమ్మమ్మ. అప్పుడు తను ఎం.ఏ. చదవాలని ఉందని, ఆలోపు పెళ్లి వద్దని, ఇంట్లో అప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట చెప్పిందట. టేప్ అప్పటికే ఆపేసింది. మిగిలిన రాత్రి ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఆ అమ్మాయి మాకు చెప్పలేదు, మేం అడగలేదు. కానీ ప్రశ్నావళి చివర ఒక ఖాళీ పేజీ చేర్చాలని ఆరోజు క్లాసే నిర్ణయించింది. జవాబు చెప్పిన మనిషి, అడిగిన మనిషిని అడగదలుచుకున్న ప్రశ్నల కోసం. ‘జవాబు లేదు’ అన్న మాట బదులు, ఆ మనిషి అన్న మాటే రాయాలని కూడా.

కోరిక అనే మాట దగ్గర ఇంకాసేపు ఆగుతాను. మన భాషలో మగవాడికి ఆశయం ఉంటుంది, లక్ష్యం ఉంటుంది. ఆడదానికి కోరికలుంటాయి, అవీ ఎక్కువైతే ‘గొంతెమ్మ కోరికలు’ అవుతాయి. స్త్రీని నీ కోరికేంటని సమాజం ఆప్యాయంగా అడిగే సందర్భాలు రెండే కనిపిస్తాయి నాకు. కడుపుతో ఉన్నప్పుడు ఒకటి, చావు దగ్గరపడ్డప్పుడు ఇంకోటి. మొదటిసారి అడిగేది లోపలి బిడ్డ కోసం. రెండోసారి అడిగేది మిగిలినవాళ్ల మనశ్శాంతి కోసం. ఈ రెండింటి మధ్య ఉన్న ముప్పై, నలభై, యాభై ఏళ్లలో ఆమెకు పులిహోర కావాలో మామిడికాయ కావాలో కూడా ఎవరికీ పట్టదు. అందుకే చాలామంది స్త్రీలను హఠాత్తుగా నీకేం కావాలని అడిగితే ‘పిల్లలు బాగుంటే చాలు’ అంటారు. దాన్ని త్యాగం అని పొగడటమూ, చైతన్యం లేదని జాలిపడటమూ రెండూ తొందరపాటే. అడగని ప్రశ్నకు జవాబు తయారుగా ఉండదు. దానికి అభ్యాసం కావాలి, మళ్లీ మళ్లీ అడిగేవాళ్లు కావాలి, ముఖ్యంగా మొదట చెప్పిన జవాబును మార్చుకునే వీలు కావాలి.

ఈ మార్చుకోవడం గురించి మనం గట్టిగా మాట్లాడాలి. మాట మార్చింది అన్నది కోర్టులో సాక్షిని కూల్చే ఆయుధం, ఇంట్లో భార్యను నోరు మూయించే ఆయుధం. కానీ జ్ఞాపకం బీరువాలో పెట్టిన పట్టుచీర కాదు, ఎప్పుడు తీసినా అదే మడతలో ఉండటానికి. 1940ల్లో జరిగినవాటిని తెలంగాణ స్త్రీలు 1980ల్లో చెప్పారు. పోరాటం ముగిసిన మర్నాడే అడిగి ఉంటే వేరేగా చెప్పి ఉండేవారు. అది ఆ జవాబుకు లోపం కాదు. ఆ మధ్య గడిచిన జీవితం కూడా అందులో చేరింది. న్యాయస్థానానికి స్థిరమైన వాంగ్మూలం అవసరం కావచ్చు, దాని కారణాలు దానికున్నాయి. బతికిన మనిషి దగ్గర మనం అదే కొలత పెట్టకూడదు.

చెప్పకుండా ఉంచుకునే హక్కు కూడా ఇలాంటిదే. బెంగాలీలో 1876లో వచ్చిన రాససుందరీ దేవి ‘అమార్ జీబన్’ను చూడండి. వంటింట్లో దొంగచాటుగా అక్షరాలు నేర్చుకున్న సంగతిని ఆమె ఎంతో వివరంగా చెబుతుంది. భర్త గురించి మాత్రం చాలా తక్కువ. మన విమర్శకులు ఆ ఖాళీని నింపాలని చూస్తారు. నాకైతే ఆ ఖాళీ కూడా ఆమె రాతలో భాగమే. పాఠకులు ఏం అడుగుతారో ఆమెకు తెలుసు, ఏ ప్రశ్నకు జవాబివ్వాలో ఆమే ఎంచుకుంది. మరో వైపు, గోగు శ్యామల చేసిన పని ఉంది. టి.ఎన్. సదాలక్ష్మితో మాట్లాడి, ఆ బతుకు కథను 2011లో ‘నేనే బలాన్ని’గా తెచ్చింది. మంత్రిగా, శాసనసభ ఉపసభాపతిగా పనిచేసిన దళిత నాయకురాలిని ఒక దళిత రచయిత్రి అడిగింది. ఆ అడగడంలో ఆరా లేదు, వారసత్వం ఉంది. ఆ ప్రశ్నలకు వచ్చే జవాబు అడిగినామెకు కూడా కావాలి, తన బతుకును అర్థం చేసుకోవడానికి కావాలి.

ఈ పత్రిక చదివే మనలో చాలామందిమి రెండు వైపులా ఉన్నవాళ్లం. రాసేవాళ్లుగా మనల్ని అడుగుతారు: ‘ఇది మీ సొంత అనుభవమేనా?’ మగ రచయిత హత్య గురించి కథ రాస్తే ఎవరినైనా చంపారా అని అడగరు. స్త్రీ మోహం గురించి ఒక కవిత రాస్తే సభ ముగిశాక టీ కప్పుతో వచ్చి మరీ అడుగుతారు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన పని లేదని నా అభిప్రాయం. అవునన్నా, కాదన్నా రచన పక్కకు పోయి మన శరీరం ముందుకొస్తుంది. కావాలంటే, ‘మీకెందుకు తెలుసుకోవాలనిపించింది’ అని తిరిగి అడిగి చూడండి. నేను అడిగినప్పుడల్లా టీ చల్లారిపోయింది.

పరిశోధకులుగా, అధ్యాపకులుగా మనమే అడుగుతాం. ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో ఎథిక్స్ కమిటీలొచ్చాయి, సమ్మతి పత్రాలొచ్చాయి. మంచిదే. కానీ సంతకం పెట్టించుకోవడంతో బాకీ తీరిందనుకుంటే, ఆ కాగితం రక్షించేది మనల్నే గానీ జవాబు చెప్పిన మనిషిని కాదు. ఆ మనిషి తిరిగి అడిగితే మన జీతం ఎంతో, మన కులమేదో, మన ఇంట్లో గిన్నెలు ఎవరు తోముతారో చెప్పడానికి మనం సిద్ధమేనా? ఆమె చెప్పింది అచ్చయ్యేముందు ఆమెకు చదివి వినిపిస్తామా? వద్దంటే తీసేస్తామా, అది మన వ్యాసంలో అన్నిటికంటే బలమైన పేరా అయినా సరే?

ఈ చివరి ప్రశ్నకు నా జవాబు ‘తీసేయాలి’ అనే. దీనితో ఏకీభవించని స్నేహితులున్నారు. వ్యక్తి కోరికకంటే చరిత్ర పెద్దదని, తీసేసుకుంటూ పోతే మనకు మళ్లీ మౌనమే మిగులుతుందని వాళ్ల వాదన. ఆ భయం నాకూ ఉంది. అయినా, వద్దన్న మాటను దాటి రాసిన చరిత్ర స్త్రీలది ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. రాయడానికి ముందు మీరంతా దీన్ని ఎలా తేల్చుకుంటున్నారో తెలుసుకోవాలని ఉంది. ఇది ఆరా కాదు. మీరు తిరిగి ఏం అడిగినా చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను.